గోదావరీమండలపుఁ బెరటితోఁటలు – శాకనామములు చెప్పు చరిత్ర

ఆంధ్రదేశచరిత్రమునకు శాసనములు, కావ్యములు, కైఫీయతులు, విదేశీయుల వ్రాఁతలు సాధనములని పండితులు పరిగణించుచున్నారు. వీనియందుఁ బొలముల యెల్లలు కలవు, చెఱువులు కలవు, ఆలయములకు సమర్పింపఁబడిన పూఁదోఁటలు కలవు. దాక్షారామ భీమేశ్వరాలయమునందలి దానశాసనములను జూచినచో, అఖండదీపములకును నైవేద్యములకును దానము చేసినవారి పేళ్లు వరుసగాఁ గనఁబడును. కాని యా దాతల యిండ్లవెనుక నే కూర పండెనో, యే తీఁగ యే పందిరి కెక్కెనో తెలుపు శాసనమును వేయింపవలసిన యక్కఱ యెవ్వరికిని గలుగలేదు. నిత్యమును గంటఁబడుదానిని వ్రాసియుంచు నలవాటు లోకమున నరుదు. పెరటిచెట్టు మందునకుఁ గొఱగాదను సామెత వైద్యులకే కాక చరిత్రకారులకును జెల్లుచున్నది.

ఐనను బెరటికిని నొక శాసనము కలదు. అది కూరల పేళ్లలోను, చెట్ల పేళ్లలోను వ్రాయఁబడియున్నది. ఏ మొక్క యీ నేలకుఁ బ్రాఁతదో, యేది పరద్వీపమునుండి వచ్చినదో, యేది యెవరివలన వచ్చినదో యా పేళ్లే చెప్పఁగలవు. వానిని సరిగాఁ జదువుటకు వ్యాకరణమును వృక్షపరిచయమును రెండును గావలయును. గోదావరీమండలమున నీ రెండింటి కలయిక పదునెనిమిదవ శతాబ్దమున నొకతఱి సంభవించినది. ఆ కథయు, దానివలనఁ దేలు కర్తవ్యమును నీ వ్యాసమునకు విషయములు.

ముందుగా స్థలనామమును విచారింతము. పెరడు శబ్ద మౌపవిభక్తికము. ‘పెరటి’ యని టివర్ణకమును గొని తోఁట, చెట్టు, నుయ్యి మున్నగు పదములతోఁ గలియును. గోదావరీమండలమున దీనికి దొడ్డి యను వ్యవహారమును గలదు. దొడ్డి యనఁగాఁ బశువులను గట్టు నావరణము. బందెలదొడ్డి యను పదమున నా యర్థము నేఁటికిని నిలిచియున్నది. కూరలు పండు చోటికిఁ బశువులచోటి పేరు వచ్చుట కాకతాళీయము కాదు. పశువుల పాక, దాని ప్రక్కఁ బెంటకుప్ప, యా యెఱువుబలమున మొలచిన పాదులు, ఇది యా స్థలముయొక్క జన్మక్రమము. పశువులు పోయి పాదులు మాత్రము మిగిలినచోటఁ గూడఁ బేరు మాఱలేదు.

పెరటియందలి యమరికయు సహేతుకమైనది. నూతియొద్ద స్నానముచేసిన నీరు, పాత్రలు కడిగిన నీరు చిన్నబోదెగా నరఁటిపాదులకుఁ బోవును. అరఁటినీడను గందయుఁ జేమయు నెదుగును. ఈ రెండును నీడను సహించునవి. ఎండ తగులుచోటఁ బందిరిపై నానప, బీర, పొట్ల, కాకర ప్రాఁకును. పొట్లకాయ వంకరపోకుండుటకై దాని కొనకుఁ జిన్నఱాతిని వ్రేలఁగట్టుదురు. దొడ్డిగుమ్మమునకు దగ్గఱఁ గరివేప, ములగ, నిమ్మ, గోడవారను బచ్చలి, దడివెంటఁ జిక్కుడు, సరిహద్దునఁ గొబ్బరి, పనస. చిక్కుడుతీఁగకుఁ బేను పట్టినచోఁ బొయ్యిలోని బూడిదయే మందు. విత్తనమునకై యొక యానపకాయను దీఁగమీఁదనే ముదురనిచ్చి, యెండిన పిమ్మట వంటయింటి చూరున వ్రేలఁగట్టుట ప్రాఁతయాచారము. పొగ సోఁకిన గింజకుఁ బురుగు పట్టదు. కందయు బచ్చలియుఁ గలిపి చింతపండు పులుసుతో నుడికించి యావపెట్టు కూర యీ మండలమునఁ బ్రసిద్ధము. కందలోని సూదులవంటి సున్నపుస్ఫటికములు నాలుకకు దురద పుట్టించును. చింతపులుపు దానిని మాన్పును. పెరటియందుఁ బొరుగున నున్న రెండు మొక్కలు కుండలోను బొరుగున నుండుట సహజమే కదా.

ఇఁక నామవిచారము. పెరటిమొక్కల పేళ్లను బరిశీలింపఁగా నవి రెండు తెఱఁగుల నున్నవి. కంద, చేమ, బీర, కాకర, దొండ, పొట్ల, పనస, అరఁటి మున్నగునవి యొంటిపదములు; మఱియొక మొక్కను బట్టి యేర్పడినవి కావు. ఇవి యీ నేలకుఁ బ్రాఁతవి. రెండవతెగయందలి పేళ్లు మాత్రము పూర్వపరిచితమైన యొక మొక్కను దలఁచుకొని క్రొత్తదానిని బిలిచినవి. జీడిమామిడి యిందుకుఁ జక్కని యుదాహరణము. జీడి యనఁగా భల్లాతకి. అది మన యడవులలోనిది. బ్రెజిలుదేశమునుండి పోర్చుగీసువారు తెచ్చిన క్రొత్తచెట్టు గింజయందును జీడిగింజయందువలెనే చర్మమును బొక్కించు రసము కలదు. ఆకును బండును మామిడిని దలఁపించును. కావునఁ జూచినవారు రెండు ప్రాఁతపేళ్లను సమాసముచేసి క్రొత్తచెట్టున కిచ్చిరి. ఈ సమాసమే యాచెట్టు వలసవచ్చినదనుటకు సాక్ష్యము.

మిరపయు నట్టిదే. మరీచ శబ్దభవము మిరియము. అమెరికాఖండమునఁ బుట్టిన క్రొత్తకాయ మిరియమువలెఁ గారముగా నుండుటచే మిరియపుఁగాయ యయి, వాడుకలో మిరపకాయ యయ్యెను. పోర్చుగీసువారు భారతదేశమునకు సముద్రమార్గమున వచ్చినది 1498లో. దానికిఁ బూర్వము మిరప యీ దేశమున లేదు. రాజరాజనరేంద్రుఁడు రాజమహేంద్రవరము నేలిన పదునొకండవ శతాబ్దమున నగరి వంటశాలలోఁ గారమనఁగా మిరియము, పిప్పలి, శొంఠి, ఆవాలు. కవిత్రయమువారికి నారోపింపఁబడిన యే చాటువునందైనను మిరపకాయ కనఁబడెనేని యది యర్వాచీనమని నిస్సంశయముగాఁ జెప్పవచ్చును. శాకజ్ఞానము గ్రంథపరిష్కరణమున కిట్లుపకరించును.

గుమ్మడి విషయమున నింకను జాగరూకత కావలయును. కూష్మాండమనఁగా బూడిదగుమ్మడి, అది యాసియాఖండముదే. కూరకును బులుసునకును వాడు తియ్యగుమ్మడి యమెరికానుండి వచ్చినది. ప్రాఁతపేరు క్రొత్తకాయకు సంక్రమింపఁగాఁ బ్రాఁతకాయకు ‘బూడిద’ యను విశేషణము చేర్పవలసివచ్చినది. కావునఁ బదునాఱవ శతాబ్దమునకుఁ బూర్వపు గ్రంథములలో గుమ్మడి కనఁబడినపుడు వ్యాఖ్యాత బూడిదగుమ్మడినే గ్రహింపవలయును. పసుపుపచ్చని కండగల గుమ్మడిని గ్రహించినచోఁ గాలవిరోధము కలుగును.

మూఁడవ జాడ యోడరేవులది. అనాస, బొప్పాయి యను పేళ్లు యూరోపీయుల నోటినుండి తిన్నగా మనకు వచ్చినవి. బత్తాయి యను పేరు యవద్వీపమునందలి బటేవియానగరముపేరి వికారము. పదునేడవ శతాబ్దమునుండి డచ్చివారు గోదావరీముఖమునఁ బాలకొల్లు, నరసాపురము, కాకినాడచెంత జగన్నాథపురము నందు వర్తకస్థానముల నేర్పఱచుకొనిరి. తూర్పుదీవులలో వారికి రాజధాని బటేవియా. వారు 1824 నాఁటి సంధిచే నీ స్థానములను వదలుకొని 1825లో నాంగ్లేయుల కప్పగించిరి. కోటలు పోయినను బండుపేరున వారి రాజధాని నిలిచియున్నది. సీమచింత యను పేరు మఱియు విస్పష్టము. సీమ యనఁగాఁ బరదేశము. సీమచింత పరదేశపుఁ జింత. ఈ చెట్టు మెక్సికో మొదలగు దేశములది. ఐనను శాస్త్రజ్ఞులు దీనికి మొదట లక్షణము వ్రాసినది మన తీరమునందలి చెట్లను జూచియే. ఆ లక్షణకర్త పేరు చెప్పుటతో సామర్లకోట ప్రస్తావము వచ్చుచున్నది.

స్కాట్లండుదేశీయుఁడగు విలియం రాక్స్‌బరో 1776లోఁ జెన్నపురి వైద్యోద్యోగమునఁ జేరి, 1781లో సామర్లకోట దండునకు వైద్యుఁడై వచ్చెను. సామర్లకోట 2022 నాఁటి జిల్లాల పునర్విభజనచేఁ గాకినాడజిల్లాలోఁ జేరినది. రాక్స్‌బరోకు గురుప్రాయుఁడు కేనిగ్ అనునతఁడు. ఇతఁడు స్వీడనుదేశపు వృక్షశాస్త్రాచార్యుఁడగు లిన్నేయసునకు శిష్యుఁడు. 1768లోఁ దరంగంబాడికి వచ్చి దక్షిణదేశమంతయుఁ దిరిగి మొక్కలను సేకరించెను. 1785లో జగన్నాథపురముననే మృతినొందెను. లిన్నేయసు తన శిష్యుని పేర నొక చెట్టునకు నామకరణము చేసెను. అది మన కరివేప. శాస్త్రమున దీని పేరు ‘మురయా కేనిగీ’. దొడ్డిగుమ్మమునొద్ద నిత్యమును రెమ్మలు కోయఁబడు నా చెట్టు కాకినాడ మట్టిలోఁ గలసిన పండితుని పేరు మోయుచున్నదని యెఱిఁగినవారు కొలఁది.

రాక్స్‌బరో సామర్లకోటలోఁ గుంఫిణీవారి పక్షమున నొక తోఁటను బెంచెను. దాని ముఖ్యోద్దేశము లాభము. ఈ ప్రాంతపుఁ గొండలలో మిరియపుఁదీఁగ స్వయముగా మొలచుట చూచి దానిని సాగుచేయింపఁ బూనెను. కాఫీ, పట్టుపురుగులకై కంబళిచెట్లు, చెఱకు, నీలి మొదలగువానిని బరీక్షించెను. పెద్దాపురపు రైతులు చెఱకు పండించు విధమును జూచి వివరముగా వ్రాసెను. 1793లో నతఁడు కలకత్తా కుంఫిణీతోఁట కధ్యక్షుఁడై పోఁగా, నిచ్చటి మిరియపుఁదోఁటలు బెంజమిన్ హెయిన్ పాలఁబడెను. తరువాతఁ బ్రభుత్వదృష్టి యన్యత్ర మరలెను. సామర్లకోట తోఁట నిలువలేదు.

నిలిచినది మఱియొకటి. తోఁటలోఁ బెంచిన మొక్కలతోఁబాటు చుట్టుపట్ల గ్రామముల మొక్కలనుగూడ రాక్స్‌బరో వర్ణించెను. దేశీయచిత్రకారులచేత వాని రూపములను వ్రాయించెను. ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను గ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూఁడు సంపుటములుగా లండనులోఁ బ్రకటింపఁబడెను. అందు 300 చిత్రములు కలవు. అందును, అతని మరణానంతరము వెలువడిన ‘ఫ్లోరా ఇండికా’ యందును మొక్కయొక్క లాటిన్ పేరుతోఁబాటు తెలుఁగుపేరును వ్రాయుట యతని పద్ధతి. లిపి యాంగ్లమైనను శబ్దము గుర్తింపఁదగినదే. గ్రామీణులు కందలోఁ జేయు భేదములను, పెండలములలోఁ జేయు భేదములను నతఁడు వదలలేదు. బీర శాస్త్రనామమునకు, అనఁగా ‘లఫ్ఫా అక్యుటాంగులా’ యను దానికి, ఆకాకర శాస్త్రనామమగు ‘మొమోర్డికా డయోయికా’కుఁ గర్తగా నేఁటికిని శాస్త్రగ్రంథములలో నితని పేరే చేర్పఁబడుచున్నది. సీమచింతకుఁ బ్రథమలక్షణకర్తయు నితఁడే.

అతఁడు సామర్లకోటలో నుండఁగానే 1789 మొదలు 1792 వఱకు నుత్తరసర్కారులలో ఘోరమైన కఱవు సంభవించెను. ఆ కఱవును గన్నులార చూచిన రాక్స్‌బరో, వానకుఁ గట్టుబడిన ధాన్యము తప్పినపుడు ప్రజలకు నాధారముగా నుండుటకై కొబ్బరి, తాడి, ఖర్జూరము, అరఁటి, పనస మొదలగు వానిని విరివిగా నాఁటింపవలయునని ప్రభుత్వమునకు వ్రాసెను. ఈ పట్టికను జూచిన తెలుఁగు గృహస్థున కందు నూతనమేమియుఁ దోఁపదు. అరఁటి, పనస, కొబ్బరి యతని దొడ్డిలోనివే. వరి యేఁటికి నొకమాఱో రెండుమాఱులో పండును. వాన తప్పినచోఁ బండనే పండదు. కందగడ్డ మట్టిలోఁ గాచుకొని యుండును. పనస వేరులు లోఁతునకుఁ బోవును. ములగయాకు వేసవియందును జిగిర్చును. పొలము పన్నునకును విక్రయమునకును, పెరడు ప్రాణమునకును. కుంఫిణీతోఁట లాభమునకై పుట్టి, లాభము కనఁబడకపోఁగా నంతరించెను. ఇంటిదొడ్డి కుటుంబముతోడనే యున్నది గనుక నిలిచెను.

ఈ విషయము పందొమ్మిదవ శతాబ్దమున మఱల స్పష్టమైనది. 1832-33 నాఁటి కఱవును, 1839 నాఁటి తుపానుప్పెనయు మండలమును గుల్లచేసినవి. 1821లో 7 లక్షల 38 వేలుగా లెక్కింపఁబడిన జనసంఖ్య 1841 నాఁటికి 5 లక్షల 61 వేలకు దిగెను. ఆ పిమ్మట నార్థర్ కాటన్ యోజనచేత ధవళేశ్వరమున 1847లో నానకట్టపని ప్రారంభమై 1852లో ముగిసెను. కాలువలు వచ్చినపిదప మెట్టభూములు మాగాణులయ్యెను. పైరు నిశ్చయమయ్యెను. నూతులలో నీరు పైకి వచ్చెను. కాని నీరు పాఱిన పొలమున వరి తప్ప నన్యము నిలువదు గదా. కాయగూరలకుఁ దావులు మూఁడు మిగిలినవి: గోదావరి లంకలు, గట్టులు, ఇంటిదొడ్డి. కావునఁ గాలువలు పెరటి విలువను దగ్గింపలేదు, పెంచినవి. కోనసీమయందలి కొబ్బరితోఁటలలో నరఁటి, కంద, పోఁక యొకదానినీడ నొకటి పెరుగు పద్ధతి విస్తరించిన పెరడే యనవచ్చును.

ఇఁక నిఘంటువుల మాట. రాజమహేంద్రవరమున న్యాయాధికారిగాఁ బనిచేసిన సి. పి. బ్రౌను తన తెలుఁగు–ఆంగ్ల నిఘంటువును 1852లోఁ బ్రకటించెను. అందు మొక్కల పేళ్లు వచ్చినపుడతఁడు రాక్స్‌బరో మొదలగువారి గ్రంథములను బేర్కొనుచుఁ, బదమునకు వెనుక నున్న మొక్కను జూపింప యత్నించెను. సామర్లకోటచెంత గ్రామీణులు చెప్పిన పేళ్లు లండనుదాఁక పోయి, మఱల రాజమహేంద్రవరమునకు వచ్చి నిఘంటువునఁ జేరిన ట్లయ్యెను. దేశీయపండితులు రచించిన నిఘంటువులలో 1885 నాఁటి శబ్దరత్నాకరము శిరోధార్యము. పిఠాపురసంస్థానపోషణమున నాంధ్రసాహిత్యపరిషత్తు పక్షమున వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువు ప్రథమసంపుటము 1936లోఁ బ్రకటితమయ్యెను. శబ్దసాధుత్వమునందును బ్రయోగప్రదర్శనమునందును వీనికి సాటి లేదు. కాని సంస్కృతకోశముల మార్గము ననుసరించిన మన నిఘంటుసంప్రదాయమున వృక్షవిశేషము, శాకవిశేషము, లతావిశేషము అను నర్థములు పెక్కుచోట్లఁ గనఁబడును. కోశకారుని కాలమున నా పదము విన్నంతనే చదువరికి మొక్క కన్నులయెదుట నిలుచుచుండెను. కావున విశేషమనుట చాలెను. మొక్క కన్నులయెదుట లేని కాలమున నా యర్థము శూన్యమగును.

ఒక్క యుదాహరణము చాలును. గోదావరీమండలమున నానపకాయ యనఁగా నలాబువు. తెలంగాణమునను రాయలసీమను దానినే సొరకాయ యందురు. రాయలసీమలో ననపకాయ యనఁగాఁ జిక్కుడుజాతిలోని గింజకాయ. ఆ గింజలు అనుములు. ఒక హ్రస్వదీర్ఘభేదమాత్రమునఁ దీఁగయుఁ గాయయు జాతియు మాఱిపోయినవి. ఈ రెండింటికిని శాకవిశేషమని యర్థము వ్రాసినచోఁ బాఠశాలయందలి విద్యార్థికిఁ గలుగు జ్ఞానమెంత? ప్రాఁతకావ్యమునకు వ్యాఖ్య వ్రాయు పండితునకుఁ గలుగు సాయమెంత? శబ్దమునకు సాధుత్వము వ్యాకరణము నిర్ణయించును. అర్థమునకు సాధుత్వము మాత్రము పెరడే నిర్ణయింపవలయును.

ఆ పెరడు నేఁడు కుంచించుకొనిపోవుచున్నది. పట్టణములందు దొడ్డిస్థలములు మేడలక్రిందఁ బోవుచున్నవి. నూతినీటి బోదెలు తూములలోఁ గలిసినవి. చూరు లేని యింట విత్తనపుఁగాయను వ్రేలఁగట్టఁ దావు లేదు. విత్తనము పొట్లములలో వచ్చుచున్నది, పొట్లముమీఁది పేరు కంపెనీ యిచ్చినది. ఐనను నిరాశకుఁ గారణము లేదు. రాజమహేంద్రవరమునకుఁ జేరువను గడియము, కడియపులంక గ్రామముల నారుమళ్ల మొక్కలు దేశమునఁ బలుతావులకుఁ బోవుచున్నవి. తాడేపల్లిగూడెముచెంత వెంకటరామన్నగూడెమున 2007లో నుద్యానవిశ్వవిద్యాలయము నెలకొన్నది. నేల లేనివారు డాబాలమీఁద మిద్దెతోఁటలు పెంచుచు మఱల బచ్చలిని, బీరను బందిరి కెక్కించుచున్నారు. మొక్కలను గాపాడువారు గలరు. పేళ్లను గాపాడువారే కావలయును.

ఆ పని పండితులది. అది గొప్ప ధనవ్యయముతోఁ గూడినది కాదు. ప్రతిగ్రామపాఠశాలయందును నొక పుస్తకము నుంచి, ఆ యూరి పెరళ్లలో నున్న ప్రతిమొక్కకును నాలుగు సంగతులు వ్రాయింపవచ్చును: ఆ యూరివారు పిలుచు పేరు, అందలి యవాంతరభేదముల పేళ్లు, ఆకు పువ్వు కాయల వర్ణన, వాడుక. తెల్లవంగ, నల్లవంగ, ముళ్లవంగ యనునపుడు మొదటిపద మెట్టిభేదమును దెలుపుచున్నదో గుఱుతింపవలయును. విద్యార్థి మొక్కను జూచి బొమ్మ వేయవలయును. ఇంటిలోని పెద్దయాఁడువారిని నడిగి పేరు వ్రాయవలయును. ప్రక్కమండలమువారి పుస్తకముతో దానిని బోల్చినపుడు పర్యాయపదములును నానార్థములును దమంతఁ దామే తేలును. ఉద్యానశాస్త్రజ్ఞులు శాస్త్రనామమును జేర్చినచో నిఘంటువునకుఁ గావలసిన సామగ్రి సంపూర్ణమగును.

రాక్స్‌బరో పండ్రెండేండ్లు సామర్లకోటలో నుండి, తెలిసినవారి నడిగి వ్రాసికొనెను. అతనికిఁ బేళ్లు చెప్పిన తోఁటవాండ్ర పేళ్లు గ్రంథముఖమున లేవు. వారు చెప్పిన శాకనామములు మాత్రము రెండువందలయేండ్లు దాఁటియు నిలిచియున్నవి. అట్లు చెప్పఁగల ముసలమ్మలు నేఁడును గోదావరీతీరమున నున్నారు. వారిని నడుగవలసిన కాలము మించిపోకముందే బడిపంతుళ్లును బరిశోధకులును నీ కార్యమునకుఁ బూనుకొందురు గాక.